మెడ తిప్పి చూసే డ్రైవరు

మా మేనల్లుణ్ణి అందరూ చక్రం అంటారు. ఊళ్ళో చక్రం తిప్పే పెద్దమనుషులు వేరే ఉంటారు, వాళ్ళ సంగతి నాకు తెలియదు. మావాడు తిప్పింది నిజమైన చక్రమే. మూడేళ్ళ వయసులో అన్నం పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని, మలుపులు తిప్పుతూ ఇల్లంతా పరుగెత్తేవాడు. అన్నం నేలమీద, పళ్ళెం చేతిలో. మా అక్క తడిగుడ్డ పట్టుకుని వెనకే తిరుగుతూ "ముందు బండి ఆపి ఈ ముద్ద మింగరా" అని బతిమాలేది. ఆ పేరు అప్పుడు నేనే పెట్టాను. వాడి అసలు పేరు లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

నాది డ్రైవింగ్ స్కూలు. ఇరవై రెండేళ్ళుగా పక్క సీట్లో కూర్చుని జనాన్ని తిట్టడమే నా వృత్తి. మా బండిలో నా కాళ్ళ దగ్గర కూడా ఒక క్లచ్చూ ఒక బ్రేకూ ఉంటాయి. నేర్చుకునేవాడు కంగారుపడి గుడ్లు తేలేస్తే నేను తొక్కుతాను. తొక్కాలని అనుకోవడం కూడా ఉండదు. నోరు దాని పాటికి అది తిడుతూ ఉంటుంది, కాలు దాని పని అది చూసుకుంటుంది. నా నోటికి జడిసి మొదటి వారంలోనే మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మానకుండా నిలబడినవాళ్ళలో ఒక్కడు కూడా ఇంతవరకూ యాక్సిడెంటు చేసి ఎరగడు. అందుకే నా తిట్లకి నేనెప్పుడూ బాధపడలేదు.

చక్రం నా దగ్గరే నేర్చుకుని, నా దగ్గరే రెండో టీచరుగా చేరాడు. ఇరవై మూడేళ్ళవాడు. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం దాకా బ్యాచ్‌లన్నీ వాడివే. సాయంత్రం బ్యాచ్ మాత్రం చచ్చినా తీసుకునేవాడు కాదు. "సాయంత్రమైతే నా బుర్ర పనిచెయ్యదు మామయ్యా" అనేవాడు. "పొద్దున పనిచేస్తోందని నీకెవరు చెప్పార్రా" అనేవాణ్ణి నేను. ఇంటికి పోయి ఫోన్లో కార్ల వీడియోలు చూసుకోవడానికి అదొక సాకు అనుకున్నాను.

వాడి కార్ల పిచ్చి మామూలు పిచ్చి కాదు. వీధి చివర కారు మలుపు తిరుగుతుంటే, ఇంట్లో కూర్చుని అది ఏ కంపెనీదో, ఏ సిలిండరు సరిగ్గా కొట్టడం లేదో చెప్పేవాడు. రెండేళ్ళ కిందట మా ఆఫీసుకి నాలుగు వీధుల అవతల ఒక పెద్ద షోరూమ్ తెరిచారు. అద్దాల వెనక ఒకే ఒక్క కారు. రెండే సీట్లు, ఇంజను వీపు వెనక, మొత్తం కలిపి నా నడుం దాకా కూడా రాదు. ఆ కంపెనీ పేరుకి నాకిప్పటికీ నోరు తిరగదు. నేను పలికితే వాడు చెవులు మూసుకునేవాడు. ఆ కారు కొన్నవాళ్ళకిచ్చే పుస్తకాన్ని నెట్‌లో ఎక్కణ్ణుంచో దింపి, నాలుగు వందల పేజీలూ ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, తలగడ పక్కన పెట్టుకుని పడుకునేవాడు. మా అక్క అది ఏదో పరీక్ష పుస్తకం అనుకుని కొన్నాళ్ళు మురిసిపోయింది కూడా.

డ్రైవింగులో నేను నమ్మేది ఒక్కటే, మెడ. ఏ బండికైనా అద్దంలో కనపడని చోటు ఒకటి ఉంటుంది. మలుపు తిప్పేముందు, వరస మారేముందు మెడ తిప్పి భుజం మీదుగా చూసుకోవాలి. వందమందికి నేర్పితే తొంభైమంది మెడలో సిమెంటు పోసినట్టు కూర్చుంటారు. చక్రం అలా కాదు. నేను చెప్పకముందే వాడి మెడ కుడికీ ఎడమకీ తిరుగుతూనే ఉండేది. కొత్తవాళ్ళని వెనక సీట్లో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చుని, వాడి చేత బండి నడిపించి, "చూసి నేర్చుకోండి, మెడకాయ మీద తలకాయ ఉన్న డ్రైవరంటే వీడు" అని చూపించేవాణ్ణి. ఒకరోజు కాదు, ఐదేళ్ళు చూపించాను. ఆ ఐదేళ్ళలో వాడి బండికి చిన్న గీత కూడా పడలేదు.

షోరూమ్‌వాళ్ళకి ఒక డ్రైవరు కావలసి వచ్చింది. కారు కొనడానికి వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పి, దాని సత్తా చూపించే పని. నూట అరవై మంది దరఖాస్తు పెడితే ముగ్గుర్ని పిలిచారు, అందులో మావాడొకడు. గురువారం పొద్దున తొమ్మిదింటికి కారు నడిపి చూపించాలి, కళ్ళ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ కూడా తేవాలి. ఆ కబురు వచ్చిన రోజు వాడు ఆఫీసులో కుర్చీ ఎక్కి నిలబడి నన్ను వాటేసుకున్నాడు. నేను తిట్టి కిందికి దించాను కానీ, లోపల నాకూ నేల మీద కాలు నిలవలేదు.

సోమవారం నేనే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, నాకు కూతురుంటే ఆ వయసే ఉండేది. గోడమీద అక్షరాలు చదవమంటే మావాడు చిట్టచివరి వరస గడగడా చదివేసి, "కింద ప్రెస్సువాళ్ళ పేరు కూడా ఉంది, అది కూడా చదవనా మేడమ్?" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఫారం తిరగేసి, "పక్కచూపు పరీక్ష కూడా చెయ్యమన్నారే" అంది.

"మావాడు బుద్ధిమంతుడమ్మా. పక్కచూపులు చూసే రకం కాదు" అన్నాను నేను, పెద్ద హాస్యమాడినట్టు.

పక్క గదిలో ఒక మిషను ఉంది. పెద్ద తెల్లటి గిన్నెని పక్కకి పడుకోబెట్టినట్టు ఉంటుంది. అందులోకి ముఖం పెట్టి, మధ్యలో చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ వెలుగు కనపడినా చేతిలో బటను నొక్కాలి. మొదట్లో వాడు టకటకా నొక్కాడు. తర్వాత ఆపేశాడు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. గిన్నె అంచుల్లో చుక్కలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి. నాకు కనపడుతూనే ఉన్నాయి. వాడి బొటనవేలు కదలడం లేదు.

"నొక్కరా" అన్నాను.

"వస్తే కదా నొక్కేది" అన్నాడు. కాసేపాగి, "మేడమ్, మీ మిషను పాడైనట్టుంది, లైట్లు రావట్లేదు" అన్నాడు.

"పరాచికాలాడకు, పని కానివ్వు" అని నేను కసిరాను. అంతలో ఇంకో చుక్క వెలిగింది, వాడి చెవి పక్కనే. వాడు ఏమీ లేనట్టు ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ మిషను ఆపి, నా వైపు తిరిగి, "బండి నడిపేటప్పుడు తల బాగా తిప్పుతుంటాడా అండీ?" అని అడిగింది.

"అవునమ్మా, నేనే నేర్పాను" అన్నాను.

ఆవిడ ఫారం మీద ఏదో రాసుకుంది. "మీ ఇంట్లో ఎవరికైనా రేచీకటి ఉండేదా?" అంది. మా నాన్నకి ఉండేది. పొద్దుగూకితే గడప దాటేవాడు కాదు. మా అమ్మ దాన్ని సోమరితనం అనేది, పిల్లలం మేమూ నవ్వేవాళ్ళం. పెద్దయ్యాక ఆయనకి పగలు కూడా చూపు పోయింది, ముసలితనం అనుకున్నాం. ఆవిడ ఒక చెట్టుబొమ్మలా గీతలు గీసి చూపించింది. మా నాన్న నుంచి మా అక్కకి, అక్క నుంచి వీడికి. అక్క కళ్ళు బాగానే ఉంటాయట, మోసుకొచ్చి ఇవ్వడం వరకే ఆమె పాత్ర. నా దాకా రానే రాలేదట.

తర్వాత ఆవిడ ఒక తెల్లకాగితాన్ని గొట్టంలా చుట్టి నా కంటికి ఆనించింది. "ఇతనికి కనపడేది ఇంతే. ఎదురుగా ఉన్నది మీకంటే బాగా కనపడుతుంది. పక్కన ఏముందో అసలు కనపడదు" అంది. మందు లేదంది, ఆపరేషన్ లేదంది. ఆ గొట్టం ఇంకా సన్నబడుతుందట, ఎన్నేళ్ళలో అన్నది చెప్పలేరట. బండి మాత్రం ఈ రోజు నుంచే ముట్టుకోకూడదట. ఆవిడ చెబుతుంటే నేను ఆ గొట్టంలోంచి చక్రం ముఖం కోసం వెతికాను. దొరకడానికి మెడ తిప్పవలసి వచ్చింది.

బయట పార్కింగ్ పక్కన సిమెంటు బల్లమీద కూలబడ్డాం. నాకు ఏడుపొస్తే ముందు తిట్లే వస్తాయి. "ఇన్నేళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదేంరా వెధవా?" అన్నాను.

"ఏం చెప్పాలి మామయ్యా? అందరికీ ఇంతే కనపడుతుందనుకున్నా. అందరూ మెడ తిప్పే చూస్తారనుకున్నా. నువ్వు కూడా అదేగా చెప్పావు" అన్నాడు.

దెప్పడానికి అన్న మాట కాదది. నిజంగానే అలా అనుకున్నాడు. తలుపుచెక్కలకి భుజాలు కొట్టుకుంటే "దున్నపోతులా ఆ దూకుడేంట్రా" అన్నది మేమే. మంచినీళ్ళ చెంబు తన్నేస్తే ఒంటిమీద స్పృహ లేదన్నదీ మేమే. సాయంత్రం బ్యాచ్ వద్దంటే బద్ధకం అన్నది నేను. వాడి జబ్బుని ఐదేళ్ళపాటు వందలమందికి చూపించి, ఇలా నడపండని పాఠం చెప్పాను. నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు.

అప్పుడే, అక్కడే వాడి లైసెన్సు తీసుకుని నా జేబులో పెట్టుకోవలసింది. గురువుగా అది నా పని. మేనమామగా నాకు చెయ్యి రాలేదు. వీడు బండి నడపకూడదని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం మాత్రం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

గురువారం దాకా వాడి బ్యాచ్‌లు నేనే నడిపాను. వాడు ఆఫీసు వెనక షెడ్డులో కూర్చునేవాడు. మంగళవారం వెళ్ళి చూస్తే గోడకి మూరెడు దూరంలో నిలబడి, కదలకుండా ఎదురుగా చూస్తూ, తనకి కనపడినంత మేరా చాక్‌పీసుతో గుండ్రంగా గీస్తున్నాడు. అన్నం పళ్ళెమంత కూడా లేదు. బుధవారం దానిమీదే మళ్ళీ గీస్తున్నాడు.

"ఒక్క రోజులో తగ్గదురా పిచ్చివాడా" అన్నాను.

"చూసుకుంటే తప్పేముంది" అన్నాడు. కొత్త గీత పాత గీత లోపలికి పోయిందని చాలాసేపు వాదించాడు. చాక్‌పీసు మందం అని నేను వాదించాను. మధ్యాహ్నం ఇద్దరం భోజనం చెయ్యలేదు.

మా అక్క బడి పిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి కుట్టుమిషను పక్కనపెట్టి, కొడుకు తొడుక్కోబోయే తెల్లచొక్కాని మూడోసారి ఇస్త్రీ చేస్తోంది. "ఉద్యోగం వచ్చాక నన్ను కూడా ఒకసారి కూర్చోబెట్టి తిప్పుతాడట్రా. రెండే సీట్లట కదా, నువ్వు వెనక నడిచి రా" అని నన్ను ఆటపట్టించింది. నేను నవ్వాను. నాన్న దగ్గర్నుంచి నీ ద్వారానే వచ్చిందే అక్కా అని ఏ నోటితో చెప్పను? మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

గురువారం పొద్దున్నే చక్రం ఆ చొక్కా తొడుక్కుని ఆఫీసుకి వచ్చాడు.

"నువ్వు ఇక్కడే ఉండు. నేను వెళ్ళి ఆ కాగితం ఇచ్చేసి వస్తా" అన్నాను.

"ఒక్కసారి నడిపి ఇచ్చేద్దాం మామయ్యా."

"కాదు."

"అరగంట. ఒక్క అరగంట."

"కాదన్నానా? ఎవరైనా అడ్డమొస్తే ఏం చేస్తావు?"

"ఐదేళ్ళుగా ఎవరూ రాలేదుగా."

"వచ్చే ఉంటారు. వాళ్ళే తప్పుకుని ఉంటారు" అన్నాను. ఆ మాటకి వాడి ముఖం మాడిపోయింది. నేలమీద కూర్చుని నా మోకాళ్ళు పట్టుకున్నాడు. చిన్నప్పుడు కూడా అలా పట్టుకున్నవాడు కాదు.

"ఇప్పుడే ఆగిపోతే ఆ కారు నడపలేకపోయినవాణ్ణి. నడిపాక ఆగిపోతే, నడిపి మానేసినవాణ్ణి. నాకు ఆ ఒక్కటీ మిగల్చు మామయ్యా. తిరిగొచ్చాక లైసెన్సు నీ చేతిలో పెడతా. కాగితం నువ్వే ఇచ్చెయ్. మళ్ళీ స్టీరింగ్ జోలికి పోను, అమ్మ మీద ఒట్టు."

ఇంతకంటే చిన్న తప్పులకి నేను మనుషుల్ని బండిలోంచి దింపేశాను. ఆ రోజు నా బుద్ధి గడ్డి తింది. "నేను పక్కనుంటాను. పక్కలు నేను చూసి చెబుతాను. ఆపమంటే ఆపాలి" అన్నాను. వాడు నా చేతులు కళ్ళకద్దుకున్నాడు.

షోరూమ్‌లో మేనేజరు మెడకి టై కట్టుకుని, చేతిలో పలకలాంటి కంప్యూటరు పట్టుకుని ఉన్నాడు. సర్టిఫికెట్ ఏదన్నాడు. "ఉంది సార్, నడిపొచ్చాక ఇస్తాం" అన్నాను నేను. "మూడో సీటు లేదు కాబట్టి నేను రాలేను. ఈయనే కస్టమరనుకుని బైపాస్ దాకా తీసుకెళ్ళి తీసుకురా. ఎంత స్పీడులో వెళ్ళావు, బ్రేకు ఎలా వేశావు, అన్నీ నాకిందులో కనపడతాయి" అని చక్రానికి తాళం ఇచ్చాడు. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. ఆ కారు కొనే ముఖం నాది కాదని ఇద్దరికీ తెలుసు.

దాన్ని కారెక్కడం అనకూడదు, కారులోకి దిగడం అనాలి. ముందు కాళ్ళు వెయ్యాలో తల పెట్టాలో తెలియక నేను తంటాలుపడుతుంటే, వాడు పుట్టినప్పటినుంచీ అందులోనే ఉన్నట్టు చటుక్కున కూర్చున్నాడు. చేతులు చొక్కాకి తుడుచుకుని స్టీరింగ్ మీద పెట్టాడు. బటను నొక్కాడు. నా వీపు వెనకాల ఇంజను లేచింది. వాడు కళ్ళు మూసుకుని విని, "ఎనిమిది సిలిండర్లూ కొడుతున్నాయి" అన్నాడు, గుసగుసగా. నా కాళ్ళు అలవాటుగా పెడళ్ళ కోసం వెతుక్కున్నాయి. మెత్తటి కార్పెట్టు తగిలింది.

వీధుల్లో నెమ్మదిగానే వెళ్ళాం. "ఎడమ ఖాళీ. కుడివైపు స్కూటరు, వాణ్ణి పోనీ. వ్యాను వెనక మనిషున్నాడు, ఆగు. ఇప్పుడు పద." నేను చెబుతూనే ఉన్నాను, వాడు వింటూనే ఉన్నాడు. ఇరవై రెండేళ్ళలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాడు లేడు. బైపాస్ ఎక్కాం. ముందు ఒక్క బండి లేదు. "రెండువైపులా ఖాళీ" అన్నాను.

వాడు తొక్కాడు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది, కడుపు మాత్రం వెనకే ఎక్కడో ఉండిపోయింది. ముల్లు నూట నలభై దాటిందాకా చూసి, ఆ తర్వాత చూడటం మానేశాను. భయంతో వాడివైపు తిరిగాను. వాడి మెడ తిరగడం లేదు. పక్కలు నాకప్పగించేసి, తల నిటారుగా పెట్టి, ఎదురుగా ఉన్న రోడ్డునే చూస్తున్నాడు. వాడు అంత స్థిమితంగా కూర్చుని బండి నడపడం నేను అదే చూడటం. నవ్వుతున్నాడు, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

"తుడుచుకోరా. ఉన్న చూపు కూడా పోతుంది" అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం మనసు గాల్లో ఉంది. వీడి కోసం నేను ఏమీ చెయ్యలేకపోయినా ఇదొక్కటీ చేశానని సంతోషపడ్డాను.

బైపాస్ చివర తిప్పుకుని వెనక్కి వస్తుంటే వాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. "మామయ్యా, ఆ కాగితం చించేద్దాం."

"ఏమన్నావు?"

"ఇంకో డాక్టరు దగ్గరికెళ్ళి అక్షరాలు చదివి సర్టిఫికెట్ తెస్తా. ఆ మిషను అన్నిచోట్లా ఉండదు. డ్యూటీ పగలే. ఎప్పట్లాగే మెడ తిప్పుకుంటూ లాగించేస్తా. రెండేళ్ళు. పోనీ ఏడాది. నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"మాటిచ్చావురా."

"మాటిచ్చినప్పుడు ఇది నడపలేదుగా మామయ్యా."

వీల్లేదు అనాలి. బండి పక్కకి తీసి ఆపరా అనాలి. నేను అనలేదు. ఏడాదే కదా, ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అని నాలోపల కూడా లెక్కలు మొదలయ్యాయి. అక్క ముఖం కళ్ళముందు మెదిలింది. మాటల్లోనే బైపాస్ దిగి షోరూమ్ వీధిలోకి మలుపు తిరిగాం. వాడు యాభైలో ఉన్నాడు, ఆ కారుకి అది నడకతో సమానం.

మలుపు తిరుగుతుండగానే ఆవిడ నాకు కనపడింది. నీలం కోటు వేసుకుని, రెండు చక్రాల చెత్తబండి తోసుకుంటూ రోడ్డు అంచున నడుస్తున్న పెద్దావిడ. ముందు ఒక వ్యాను ఆగి ఉంది. దాన్ని తప్పించుకోవడానికి ఆవిడ చెత్తబండిని రోడ్డు మీదికి తిప్పుతోంది. నేను మొత్తం చూశాను. నా కుడికాలు లేచి నేలని తొక్కింది. గట్టిగా, చివరిదాకా తొక్కింది. తొక్కి, బండి ఆగుతుందని చూస్తూ కూర్చున్నాను. నోరు తెరవాలని నాకు తట్టనే లేదు.

బండి ఆగలేదు. చెత్తబండి రోడ్డు మధ్యకి వచ్చాక, అప్పుడు వాడికి కనపడింది. వాడు బ్రేకు మీద నిలబడ్డాడు. బెల్టు నా ఛాతీని కోసేసింది. టైర్లు అరిచాయి, ఏదో తగిలింది, ఎండుటాకులూ కాగితాలూ అద్దం మీదికి ఎగిరిపడ్డాయి. అన్నీ కిందికి జారాక చూస్తే చెత్తబండి బోర్లాపడి ఉంది. ఆవిడ నిలబడే ఉంది. ఆవిడ మోకాలికీ కారు ముక్కుకీ మధ్య జానెడు కూడా లేదు.

"ఎక్కణ్ణుంచి వచ్చింది ఈవిడ?" అన్నాడు చక్రం.

"మలుపు దగ్గర్నుంచి మన పక్కనే ఉందిరా."

"మరి చెప్పలేదేం మామయ్యా?"

"తొక్కాను" అన్నాను.

వాడు తల తిప్పి, వంచి, నా కాళ్ళకేసి చూశాడు. నా కుడికాలు ఇంకా కార్పెట్టుని నొక్కిపట్టే ఉంది. వాడు చాలాసేపు దాన్నే చూశాడు. ఐదేళ్ళూ మా బండిలో వాడు నడుపుతుంటే ఈ కాలు ఎన్నిసార్లు తొక్కి ఉంటుందో ఇద్దరం అప్పుడే లెక్కపెట్టుకుని ఉంటాం. నాకైతే ఒక్కటీ గుర్తులేదు. గుర్తుండే పని కాదది.

వాడు ఇంజను ఆపి దిగాడు. ఆవిడ అప్పటికే కొంగు దోపినట్టు కోటు చేతులు పైకి లాగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని సిద్ధంగా ఉంది. "ఏం బాబూ, కళ్ళు కనపడట్లేదా? అంత కారులో కూర్చుంటే కళ్ళు నెత్తికెక్కాయా?" అంది. మా వృత్తిలో రోజుకి పదిసార్లు వినేదీ అనేదీ అదే మాట.

"కనపడవమ్మా" అన్నాడు చక్రం.

"వెటకారమా నాతో?"

"వెటకారం కాదు. నాకు ఎదురుగా ఉన్నదే కనపడుతుంది. పక్కన ఏమున్నా కనపడదు. మీరు ఇందాకట్నుంచీ పక్కనే ఉన్నారట. నేను చూడలేదు." వాడు ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. "ఇంకెప్పుడూ నడపనమ్మా."

ఆవిడ నడుం మీది చెయ్యి కిందికి దిగింది. వాడి ముఖంలోకి తేరిపార చూసింది. ఏమర్థమైందో ఏమో, కోపం మొత్తం పోయింది. "అయ్యో తండ్రీ" అంది.

వాడు నావైపు తిరిగి తాళం చాపాడు. "బండి నువ్వు తీసుకెళ్ళు మామయ్యా. ఆ కాగితం ఇచ్చెయ్యి" అన్నాడు. జేబులోంచి లైసెన్సు తీసి తాళంతో పాటే నా చేతిలో పెట్టాడు. నాకు ఒక్క తిట్టు కూడా నోటికి రాలేదు.

అంతలో వెనక బండ్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. ఆవిడ చెత్తబండి సంగతి వదిలేసి, వాడి మోచెయ్యి పట్టుకుంది. బొత్తిగా చూపులేనివాణ్ణి నడిపించినట్టు, ఒక చేత్తో బండ్లని ఆగమంటూ, అడుగులో అడుగు వేయిస్తూ రోడ్డు పక్కకి తీసుకుపోయింది. "నెమ్మదిగా రా నాయనా. ఇక్కడ గట్టుంది, కాలెత్తు" అంది.

ఆ గట్టు జానెడు ఎత్తు కూడా లేదు. వాడు తల వంచి దాన్నే చూస్తున్నాడు, అది వాడికి స్పష్టంగా కనపడుతూనే ఉంది. అయినా వాడు ఆవిడ చెయ్యి వదలకుండా, ఒక కాలు ముందుకి చాపి, బూటు కొసతో గట్టుని తడుముకుని, అప్పుడు ఎక్కాడు.